సమస్యాపూరణం నేర్చుకుందాం – ఐదో పాఠం: కాఫీ తాగిన హరి

గత నాలుగు పాఠాల్లో గురులఘువులు, సూర్యగణాలు, ఇంద్రగణాలు, యతి చూశాం. ఆటవెలదిని సొంతంగా అల్లడం సాధన చేశాం. ఆ సరంజామా అంతా ఇవాళ పనిలోకి దిగుతుంది. ఈ పాఠంతో అసలు ఆట మొదలు.

లక్షణం ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వనిలో మైత్రి కుదరాలి, లేదా ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేసుకోవాలి. ప్రాస నియమం లేదు. అందుకే నేర్చుకునేవారికి దీన్ని మించిన పద్యం లేదు.

ఇక సమస్య. పద్యంలో ఒక పాదం ఇస్తారు. చాలావరకు అది చివరి పాదం. దాని అర్థం అడ్డదిడ్డంగా ఉంటుంది: లోకవిరుద్ధమో, శాస్త్రవిరుద్ధమో, వినగానే చెవులు మూసుకోవాలనిపించేదో. మిగిలిన మూడు పాదాలూ మనం రాసి, ఆ నాలుగో పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా దాన్ని సబబైన మాటగా నిలబెట్టాలి. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులలో ఒకరు సమస్య ఇస్తారు. వారందరికీ జవాబు చెప్పే అవధాని ఆవృత్తానికి, అంటే ఒక చుట్టుకు, ఒక పాదం చొప్పున చెప్తూ పోయి, నాలుగు ఆవృత్తాలూ అయ్యాక పద్యాలన్నిటినీ ధారణ చేస్తాడు, అంటే జ్ఞాపకంలోంచి ఒప్పజెప్తాడు. మూడో పాదం ముగిసి, ఇచ్చిన పాదం వచ్చి అతుక్కునే క్షణంలో సభ మొత్తం ఒక్కసారిగా నవ్వుతుంది. తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఊరూరా, సంస్థానం సంస్థానమూ తిరిగి అవధానాలు చేసి ఈ నవ్వును పండితుల చావడి నుంచి జనంలోకి తెచ్చారు. తర్వాత ఆకాశవాణి సమస్యలిచ్చి, శ్రోతలు పంపిన పూరణలను చదివి వినిపించింది. ఇవాళ అమెరికాలోని తెలుగు సంఘాల వేడుకల్లోనూ అవధానం జరుగుతోంది. ఇది పండితులు మాత్రమే ఆడే ఆట అని ఎవరైనా అంటే నమ్మకండి. తెలుగు చెవి ఉన్న ఎవరైనా ఆడవచ్చు.

ఇవాళ్టి సమస్య ఇది:

కాఫి తాగి హరియు కన్ను తెరచె

ముందు గణాలు విడదీద్దాం. కాఫి – తాగి – హరియు – కన్ను – తెరచె. మొదటి రెండూ హగణాలు (గురువు, లఘువు), మూడోది నగణం (మూడు లఘువులు), నాలుగోది హగణం, అయిదోది నగణం. అన్నీ సూర్యగణాలే. యతి చూడండి: మొదట ‘కా’, నాలుగో గణంలో ‘క’. కుదిరింది. ‘కాఫీ’ అని నిండుగా అంటే రెండు గురువులై సూర్యగణం చెడుతుంది కాబట్టి ‘కాఫి’ అయింది. ఇంట్లో తొందరలో మనం అనేది కూడా దాదాపు అలాగే. పరభాషా పదం పద్యంలో పడితే మైలపడుతుందన్న భయం పెట్టుకోవద్దు. నాలుక మీద రోజూ ఆడే మాట పద్యంలోకి వస్తే నవ్వు ఇంకా దగ్గరగా వస్తుంది.

ఈ పాదంలో తిరకాసు ఎక్కడుంది? శ్రీహరికి తెల్లవారుజామున సుప్రభాతం పాడి మేలుకొలుపుతాం. తిరుమలలో ఆ వేళ స్వామికి పాలు, వెన్న నివేదిస్తారు. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. అంతటి స్వామి కాఫీ తాగి కళ్లు తెరిచాడంటే ఎలా? గమనించారా, ఇది పూర్తిగా అసంభవం కాదు. దేవుడిని నిద్ర లేపుతాం, లేవగానే తాగడానికి ఇస్తాం. ఒక్క కాఫీ దగ్గరే పట్టు తప్పుతుంది. మంచి సమస్యకు గుర్తు ఇదే. ముప్పాతిక నిజం, పాతిక విపరీతం. ‘ఏనుగు ఆకాశంలో ఎగిరింది’ వంటి సమస్యలో ఆ ముప్పాతిక లేదు కనుక పూరణలో కూడా పస ఉండదు.

ఇప్పుడు పూరించేవారు మొదట చేయాల్సిన పని ఒకటుంది: అర్థాన్ని పక్కన పెట్టి అక్షరాలను చూడటం. కొత్తవాళ్లు సమస్య వినగానే ‘స్వామి కాఫీ ఎందుకు తాగుతాడు?’ అని ఆలోచన మొదలుపెడతారు. పృచ్ఛకుడు పన్నిన వల అదే. అలా ఆలోచిస్తే పురాణాలన్నీ తిరగేసినా జవాబు దొరకదు. ‘హరి’ అంటే ఎవరు, ఎవరెవరు కావచ్చు అని అడగాలి. సంస్కృత నిఘంటువుల్లో హరి శబ్దానికి విష్ణువే కాదు, ఇంద్రుడు, సూర్యుడు, సింహం, గుర్రం, కోతి, పాము, కప్ప, చిలుక వంటి అర్థాలున్నాయి. ఇక తెలుగు వీధిలో హరి అన్న కుర్రవాడు లేని వాడ ఉండదు. దేవుళ్ల పేర్లన్నీ పిల్లలకు పెట్టుకునే జాతి మనది. శివుడు సైకిలు మీద నుంచి పడతాడు, గోవిందుడికి లెక్కల్లో మార్కులు తగ్గుతాయి, లక్ష్మి అలిగి పుట్టింటికి వెళ్తుంది. సమస్యాపూరణానికి ఇది తరగని గని.

చాలామంది మొదటి ప్రయత్నంలో ఇలా పూరిస్తారు:

పూలు పెట్టి తాత పూజకై పిలువంగ
పక్క దిగని యట్టి బాలు డొకడు
అమ్మ వచ్చి గిన్నె నందింప నంతలో
కాఫి తాగి హరియు కన్ను తెరచె.

గణాలు సరిపోయాయి, యతులు సరిపోయాయి, కథ కూడా తెలుస్తోంది. అయినా దీన్ని ఇక్కడితో వదలకూడదు. ‘దిగని యట్టి’లో ‘అట్టి’ గణం నింపడానికే వచ్చింది. ‘అంతలో’ కూడా అంతే. అన్నిటికంటే పెద్ద లోటు ‘హరియు’ దగ్గర ఉంది. హరియు అంటే హరి కూడా. అతడు కాక ఇంకెవరు తాగారు? ఈ పద్యంలో జవాబు లేదు. సమస్యలో పృచ్ఛకుడు ఆ ‘యు’ను ఊరికే వేసి ఉండవచ్చు. పూరించేవారు దాన్ని ఊరికే వదలకూడదు. ఇచ్చిన పాదంలోని ప్రతి అక్షరానికీ పని కల్పించినప్పుడే అది పూరణ. సరిదిద్దుదాం:

పూజ ముగిసి తాత పుచ్చుకొన్న పిదప
పక్క దిగని కొంటె బాలుడైన
అమ్మ చేతి గిన్నె నందుకొనుచు లేచి
కాఫి తాగి హరియు కన్ను తెరచె.

ఇప్పుడు తాత పూజ ముగించుకుని కాఫీ పుచ్చుకున్నారు. ఆ తర్వాత హరి కూడా తాగాడు. ‘యు’ కుదురుకుంది. ‘బాలుడైన’ అన్న మాట నేరుగా నాలుగో పాదంలోని ‘హరి’కి విశేషణమై అతుక్కుంది. మూడో పాదం విడదీసి చూసుకోండి: అమ్మ – చేతి – గిన్నె – నందుకొ – నుచు లేచి. మూడు హగణాలు, ఒక భగణం (గురువు, రెండు లఘువులు), ఒక సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). ‘గిన్నెను అందుకొనుచు’ సంధి వల్ల ‘గిన్నె నందుకొనుచు’ అయింది. అందువల్ల ‘న’లో ఉన్న అకారం మొదటి ‘అ’తో యతికి చెల్లుతుంది. లేవడం, తాగడం, కన్ను తెరవడం అన్న వరుస కూడా చూడండి. కళ్లు మూసుకునే లేచి, మూసుకునే తాగి, తర్వాత తెరిచాడు. పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లలున్న ఇల్లు ఏదైనా ఈ దృశ్యాన్ని పోల్చుకుంటుంది.

ఇదే సమస్యను ‘కోతి’ అర్థంతో మీరు పూరించి చూడండి. అలిపిరి మెట్ల దారిలో భక్తులు పక్కన పెట్టిన కప్పు, దాని మీద కన్నేసిన కోతి. సగం పద్యం అక్కడే ఉంది.

రెండో సమస్యకు వెళ్దాం.

శివుని పెండ్లియాడె సీత మురిసి

గణాలు: శివుని – పెండ్లి – యాడె – సీత – మురిసి. ‘శి’కీ ‘సీ’కీ యతి. ఇక్కడ పేర్ల దారి పనిచేయదని అనను. శివుడనే అబ్బాయినీ సీత అనే అమ్మాయినీ తెచ్చి పెళ్లి చేయవచ్చు. కానీ అది పై పాఠమే మళ్లీ వల్లించడం అవుతుంది. వేరే దారి వెతుకుదాం.

‘శివుని’ అన్న రూపాన్ని పట్టి చూడండి. తెలుగులో ‘శివుని చూశాను’ అంటే అది ద్వితీయ. ‘శివుని విల్లు’ అంటే షష్ఠి. రెండింటికీ రూపం ఒక్కటే. పృచ్ఛకుడు ద్వితీయగా వినిపించాడు, మనం షష్ఠిగా తీసుకుంటాం. శివుని తర్వాత చిన్న ఆగింపు పెడితే చాలు, పెళ్లికీ శివుడికీ సంబంధం తెగిపోతుంది. శివునిది ఏమిటి? విల్లు! సీత కల్యాణంలో శివుడికి ఉన్న పాత్ర అదే కదా. సమస్య తనలోనే జవాబును దాచుకుంది.

దీనికి అవధానులు ఎక్కువగా వాడే పద్ధతి క్రమాలంకారం. మొదటి మూడు పాదాల్లో ప్రశ్నలు వేసి, నాలుగో పాదంలో అదే వరుసలో జవాబులు వచ్చేట్టు చూస్తారు.

మిథిల లోన కొలువు మెచ్చ రాముడు విల్లు
విరిచె, నద్ది యెవరి విల్లు చెపుమ?
అంత నేమి చేసె నవనిజ సభలోన?
శివుని; పెండ్లియాడె సీత మురిసి.

మొదటి ప్రశ్న: ఆ విల్లు ఎవరిది? శివుని. రెండో ప్రశ్న: అప్పుడు అవనిజ ఏమి చేసింది? పెండ్లియాడె సీత మురిసి. ఎవరిని అన్నది చెప్పనే అక్కరలేదు, విల్లు విరిచినవాడు మొదటి పాదంలోనే ఉన్నాడు. ఈ పద్యాన్ని పైకి చదివేటప్పుడు ‘శివుని’ దగ్గర ఒక్క మాత్ర ఆగండి. ఆగకుండా చదివితే సమస్య, ఆగి చదివితే పూరణ. అక్షరం మారలేదు, ఊపిరి మారింది.

క్రమాలంకారం సులువైన ఆయుధం కాబట్టి దాన్ని అతిగా వాడేవాళ్లున్నారు. ఒకదానికొకటి పొంతన లేని ప్రశ్నలు మూడు వేసి, జవాబులు గుచ్చి, అయిందనిపిస్తారు. ‘కుంభకర్ణుడు ఏమి చేసె? వంటలో ఏమి వేసె?’ తరహా పూరణలు నాకు నచ్చవు. ప్రశ్నలన్నీ ఒకే కథలోంచి రావాలి. పై పద్యంలో రెండు ప్రశ్నలూ మిథిల సభ దాటి బయటకు పోలేదు. అదే దాని బలం.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉందాం.

పాలు వెలిగె గుడిని పర్వవేళ

పాలు – వెలిగె – గుడిని – పర్వ – వేళ. ‘పా’కీ ‘ప’కీ యతి. పాలు పొంగుతాయి, విరుగుతాయి, తోడుకుంటాయి, మాడిపోతాయి. వెలగవు. ‘పాలు’కు వేరే అర్థాలేమైనా ఉన్నాయా? భాగం అనే అర్థం ఉంది, వెలగడంతో దానికి పొసగదు. విరుపు పెట్టి చూస్తే ‘పాలు, వెలిగె గుడిని పర్వవేళ’ అవుతుంది. క్రమాలంకారంతో నెట్టుకురావచ్చు. కానీ ఇంకా మంచి దారి ఉంది: ఆ ‘పాలు’ మొదలు కాదు, తోక అనుకోండి. దాని తల మూడో పాదం చివర ఉంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ‘పాలు’తో ముగిసే మాటలు రాయండి. కోపాలు, తాపాలు, శాపాలు, పాపాలు, లోపాలు, రూపాలు, ధూపాలు, దీపాలు, ద్వీపాలు, ప్రలాపాలు, సల్లాపాలు. ఈ పట్టిక రాయడం మొదలుపెట్టగానే తెలుగు ఎంత ఉదారమైన భాషో తెలుస్తుంది. ముగాగమం, అంటే మాట చివరి ‘ము’, లోపించి ముందున్న అచ్చు దీర్ఘమయ్యే లులనల సంధి మనకు చేసిన ఉపకారం ఇది. ‘దీపములు’ అని మాత్రమే అనే భాషలో ఈ సమస్యే పుట్టదు. పట్టికలో వెలిగేవి ఏవి? దీపాలు. గుడిలో పర్వవేళ వెలిగేవీ అవే. ఇంకేం కావాలి!

ఇక ఛందస్సు పని. మూడో పాదం చివర ‘దీ’ రావాలి. అది గురువు. కాబట్టి మూడో పాదంలో చివరి ఇంద్రగణం గురువుతో ముగిసేది కావాలి. అలాంటివి రెండే: రగణం (గురువు, లఘువు, గురువు), నగం (మూడు లఘువులు, గురువు). ‘అంటించినంత దీ’ అంటే యంటించి – నంత దీ, అంటే తగణం (రెండు గురువులు, లఘువు), రగణం. సరిపోయింది. నేను ఎప్పుడూ మూడో పాదమే ముందు కట్టుకుంటాను. అతుకు కుదిరాక మొదటి రెండు పాదాలూ వాటంతట అవే దిగుతాయి.

కార్తికమున రేయి కాంతలు గుమికూడి
నూలు వత్తులన్ని నూనె దడిపి
యగ్గిపుల్ల గీసి యంటించినంత, దీ
పాలు వెలిగె గుడిని పర్వవేళ.

కార్తిక పున్నమి నాడు మూడు వందల అరవై అయిదు వత్తుల కట్టను వెలిగించడం మన ఇళ్లలో ఉన్నదే. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి ఒకేసారి. ఆ వత్తులే రెండో పాదంలోకి వచ్చాయి. పద్యం బయట ఎక్కడో వెతకలేదు. ‘గుడి’, ‘పర్వం’ అన్న మాటలు సమస్యలోనే ఉన్నాయి, అవి ఎటు చూపిస్తే అటు వెళ్లాం. క్రియ కూడా చూడండి. ‘పాలు వెలిగె’ అన్నప్పుడూ, ‘దీపాలు వెలిగె’ అన్నప్పుడూ ‘వెలిగె’ చక్కగా చెల్లుతుంది, ఎందుకంటే ‘పాలు’ అన్న మాటకు బహువచన రూపమే ఉంది. ఇలాంటి చోట వ్యాకరణం మనకు తోడుంటుంది. ‘పాము’తో మొదలైన సమస్య అయితే ‘ఏకవచనమా, బహువచనమా’ అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఆటవెలదిలో పాదం చివర మాట విరగడం వేమన పద్యాలు విని పెరిగిన చెవికి కొత్తగా ఉండవచ్చు. సమస్యాపూరణలో అది చెల్లుతుంది, పైగా అందం కూడా. ‘దీ’ దగ్గర గొంతు ఆగగానే వినేవారిలో చురుకైనవారు జవాబు పట్టేస్తారు. మిగిలినవారు వాళ్ల ముఖాలు చూసి పట్టుకుంటారు.

ఈ మూడో దారికి చెవి పదును పెట్టుకోవాలంటే వీధిలోకి వెళ్లండి. గోడల మీద, బస్సుల వెనక, గుడి తోరణాల మీద రాతలు చదవండి. తోరణం మధ్యలో స్తంభం అడ్డు వచ్చినప్పుడు రంగులు వేసేవారు ‘రామాలయం’ అన్న మాటను ‘రామా’ అని ఇటు, ‘లయం’ అని అటు రాస్తారు. ఆ ఊరి స్వామిని పిలిచి ప్రళయం గురించి హెచ్చరించినట్టుంటుంది. అమ్మవారి ఆలయాల్లో భక్తులు సమర్పించిన చీరలను వేలం వేయడం మామూలే. ఆ ప్రకటనలో ‘అమ్మవారి’ మధ్య ఖాళీ వదిలి ‘అమ్మ వారి చీరలు వేలం వేయును’ అని రాస్తే, ఎవరి అమ్మో ఎవరి చీరలో అమ్మేస్తున్నట్టు అవుతుంది. ‘ఆలయంలో’ అన్న మాటను ‘ఆ లయంలో’ అని విడదీస్తే పూజ కాస్తా ప్రళయం అవుతుంది. ఇవి చూసి నవ్వి ఊరుకోకండి, చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోండి. ప్రతిదీ రేపటి సమస్య.

నాలుగో దారికి మాటల విరుపు అవసరం లేదు, ఊళ్ల సంగతులు తెలియాలి.

రాతిబొమ్మ లేచి రంకె వేయు

ఎలా విరిచినా ఇది లొంగదు. లొంగాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే తెలుగునాట కొన్ని లక్షల మంది దీన్ని ఉన్నదున్నట్టుగా నమ్ముతారు. యాగంటిలో ఉమామహేశ్వర ఆలయంలోని బసవన్న పెరుగుతున్నాడనీ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడనీ పోతులూరి వీరబ్రహ్మంగారు చెప్పినట్టుగా ప్రచారంలో ఉంది.

అచటి జనులు నేడు యాగంటి గుడిలోన
బ్రహ్మమన్న మాట పలుకుచుంద్రు
కలియుగాంత మనెడు కాలము వచ్చిన
రాతిబొమ్మ లేచి రంకె వేయు.

స్థలపురాణాలు చదివి ఉంచుకుంటే ఇలాంటి సమస్యలు క్షణంలో తేలిపోతాయి.

మరో రెండు దారులు పేరుకు చెప్పి ముందుకు వెళ్తాను. ఒకటి పోలిక. ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్న కందపాదం తెనాలి రామకృష్ణుడి పేరుతో ఇంటింటా వినిపించేదే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరడం ఎలా? పాండవులంతటివారు విరాటుడి కొలువులో తలదాచుకోవలసి వచ్చింది కదా, అది ఏనుగులు దోమ గొంతులో దూరినట్టే అని పూరణ. రెండోది ధ్వని. భోజరాజు కొలువు కథల్లో ‘ఠఠంఠఠం’ అంటూ సాగే, అర్థమే లేని సంస్కృత పాదం ఒకటి ఉంది. రాముడి పట్టాభిషేకానికి నీళ్లు తెస్తున్న యువతి చేతిలోంచి బంగారు బిందె జారి, మెట్ల మీద దొర్లుతూ చేసిన చప్పుడుగా కాళిదాసు దాన్ని పూరించాడని చెప్తారు. అర్థం లేని అక్షరాలకు ఒక మేడ, మెట్లు, బిందె, ఒక యువతి కంగారు అన్నీ వచ్చాయి.

వాడకూడని దారి కూడా చెప్పాలి. ‘అని పిచ్చివాడు అన్నాడు’, ‘అని కల వచ్చింది’, ‘అని తాగుబోతు వాగాడు’. వీటితో ప్రపంచంలోని ఏ సమస్యనైనా పూరించవచ్చు. అందుకే వీటికి విలువ లేదు. సభలో గడియారం తరుముతున్నప్పుడు అవధాని వాడుకుంటే సరే, ఇంట్లో కూర్చుని సాధన చేసే మనకు ఆ తొందర లేదు.

దేవుళ్లను ఇలా ఆటలోకి లాగడం తగునా అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ముందు రోజు ఎదుర్కోలు ఉత్సవం జరుగుతుంది. అర్చకస్వాములు రెండు పక్షాలై, మా రాముడు గొప్పంటే మా సీతమ్మ గొప్పని వాదులాడుకుంటారు. వియ్యాలవారి ఎత్తిపొడుపులు దేవుడి ముందే వినిపిస్తాయి, వినే భక్తులు చేతులు జోడించుకునే నవ్వుతారు. మన భక్తిలో నవ్వుకు ఎప్పుడూ చోటు ఉంది. సమస్యాపూరణ మరింత పద్ధతి గలది కూడా. సమస్య దేవుడిని ఇరుకున పెడుతుంది, పూరణ విడిపిస్తుంది. శివుడి మీద వేసిన అపవాదు పద్యం ముగిసేసరికి శివధనుస్సు అయింది కదా.

అయితే రెండు గీతలు నేను దాటను, మీరూ దాటవద్దని కోరుతున్నాను. మనకు కథలు తెలియని మతాల జోలికి వెళ్లకూడదు. తెలియకుండా రాసిన పద్యం ఎదుటివారిని నొప్పిస్తుంది, పైగా పూరణ కూడా పేలవంగా ఉంటుంది. రెండోది స్త్రీల గురించిన బూతు సమస్యలు. పాతకాలంలో వాటికి కొదవ లేదు. ఇప్పటికీ కొన్ని సభల్లో వాటికి చప్పట్లు పడుతూనే ఉన్నాయి. కాఫీ గిన్నెలో, కార్తిక దీపంలో దొరికే నవ్వు ఉండగా ఆ బురదలో దిగాల్సిన పని లేదు.

ఇక ఇంటిపని. మూడు పాదాలిస్తున్నాను. గణాలు, యతి ముందు మీరే సరిచూసుకోండి.

కుక్కపిల్ల కట్టె కోవెలొకటి

దీన్ని క్రమాలంకారంతో పూరించండి. రెండు ప్రశ్నలూ ఒకే ఊళ్లో, వీలైతే ఒకే వీధిలో పుట్టాలి. ‘కట్టె’ అన్నది నామవాచకం కూడా అవుతుందని మరిచిపోకండి. ఆ దారిలో వెళ్లినవారికి క్రమాలంకారం అక్కరలేకపోవచ్చు.

రాలు మింగె గురువు రాత్రివేళ

ఇక్కడ రాలు అంటే రాళ్లు. ‘రాలు’తో ముగిసే మాటల పట్టిక ముందు రాయండి. ఏకాదశి నాడు ఉపవాసం అంటూ అన్నం మానేసి, పిండివంటలతో పొట్ట నింపుకునే ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. ఫలహారాలు అన్న మాట తడితే, ‘ఫలహా’కు ముందు ఒక లఘువు చేర్చి నగంగా మలచుకోండి.

హనుమ పెండ్లినాడు హారతిడిరి

ఆజన్మ బ్రహ్మచారికి పెళ్లి ఏమిటని కంగారుపడకండి. సూర్యుడి కుమార్తె సువర్చలతో హనుమంతుడికి కల్యాణం జరిపించే ఆలయాలు తెలుగునాట ఉన్నాయి. ఆ దారి వద్దనుకుంటే ‘హనుమ’ అన్న పేరుగల పెళ్లికొడుకు మీ బంధువుల్లో ఉన్నాడేమో చూడండి.

రాసిన ప్రతి పూరణనూ రెండుసార్లు గట్టిగా చదవండి, ఒకసారి విరుపుతో, ఒకసారి విరుపు లేకుండా. ఆ తర్వాత పద్యాలు రానివారెవరికైనా వినిపించండి. వారు వివరణ అడగకుండా నవ్వితే తర్వాతి పాఠానికి మీరు సిద్ధం. ఆ పాఠంలో దత్తపది: ‘ఇడ్లీ, వడ, దోసె, పూరీ’ అన్న నాలుగు మాటలూ ఇచ్చి, వాటి అర్థం రాకుండా భారత యుద్ధాన్ని వర్ణించమంటే ఎలా చేయాలో చూద్దాం.